మొదటి ఏడాది ఏ పనీ పెట్టుకోకండి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక యువజంట మా ఇంటికి వచ్చింది. అతను వ్యవసాయ శాస్త్రం చదివాడు, ఆమె ఉపాధ్యాయురాలు. వచ్చే జనవరిలో టాంజానియాలోని ఒక మారుమూల పల్లెకు సేవకు వెళ్తున్నారు. పంపుతున్న సంస్థ ఇచ్చిన ప్రణాళిక కాగితం తెచ్చి చూపించారు. మొదటి మూడు నెలల గడిలో "భాష, స్థానిక పరిచయం" అని రాసి ఉంది. అదే గడిలో ఆ కిందే "బోరుబావి పని ప్రారంభం" అని కూడా ఉంది. "మూడు నెలలు సరిపోతాయా అక్కా?" అని ఆ అమ్మాయి అడిగింది.

సరిపోవన్నాను. ఏడాది పాటు ఏ పనీ పెట్టుకోవద్దన్నాను. బోరు వద్దు, బడి వద్దు, ప్రసంగం అసలే వద్దు, భాష ఒక్కటే నేర్చుకోండి అన్నాను. ఇద్దరి ముఖాలూ చిన్నబోయాయి. మర్నాడు సంస్థ పెద్దాయన ఒకరు ఫోను చేసి, "ఏమ్మా, పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లావట" అన్నారు. నొచ్చుకునే అన్నారు. ఆయనకు ఫోనులో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇద్దరూ చదువుతారనీ, చదివాక మళ్లీ వస్తారనీ ఆశ.

మేమూ టాంజానియాలోనే, డొడోమా ప్రాంతంలో, గోగో జాతివాళ్ల పల్లెలో తొమ్మిదేళ్లు ఉన్నాం. నేను నర్సుని. మావారు పల్లె బోధకులకు పాఠాలు చెప్పేవారు. నేను ఏడాది ఆగలేదు. ఆ దేశపు ఉమ్మడి భాష స్వాహిలిలో ఆరు వారాల తరగతులు కాగానే డిస్పెన్సరీలో పనికి దిగాను. ఆగకపోవడం వల్ల ఏం జరిగిందో ముందు చెబుతాను.

సా తతు

ఒక తల్లి చంటిబిడ్డను తీసుకొచ్చింది. బిడ్డ కాలు పొయ్యి నిప్పుల మీద పడి కాలింది. కట్టు కట్టి, మర్నాడు మార్చాలి, "సా తతు"కు రమ్మని చెప్పాను. సా అంటే గంట, తతు అంటే మూడు. మధ్యాహ్నం మూడింటికి అని నా ఉద్దేశం. మర్నాడు పొద్దున్నే డిస్పెన్సరీకి తాళం వేసి, టీకాల పెట్టె పట్టుకుని మేమంతా వేరే పల్లెకు వెళ్లాం. తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. ఆమె బవోబాబ్ చెట్టు నీడలో కూర్చుని ఉంది. నీడ జరిగిన కొద్దీ ఆమె కూడా జరుగుతూ వచ్చినట్టు మట్టిలో గుడ్డ ఈడ్చిన చార కనిపించింది.

స్వాహిలిలో గంటల లెక్క పొద్దు పొడవడంతో మొదలవుతుంది. మనం ఏడు గంటలు అనేది వాళ్లకు సా మోజా, అంటే ఒకటో గంట. సా తతు అంటే ఉదయం తొమ్మిది. ఆమె తొమ్మిదికల్లా చేరాలని చీకటితోనే బయలుదేరింది. ఆరు గంటలకు పైగా ఆ చెట్టు కింద కూర్చుంది. నేను దుమ్ము కొట్టుకుపోయి జీపు దిగుతుంటే లేచి నిలబడి, "పోలే నా సఫారీ" అంది.

పోలే అనే మాటకు మనకు సరైన మాట లేదు. ఎదుటివాడు జారిపడినా, బరువు మోస్తున్నా, అలసిపోయినా, ఇంట్లో చావు జరిగినా పోలే అంటారు. తప్పు ఎవరిదన్న ప్రశ్నే అందులో ఉండదు. నీ కష్టం నాకు కనిపిస్తోంది అని చెప్పడం అంతే. మన "అయ్యో"లో సగం, "పాపం"లో సగం కలిపితే కొంత దగ్గరికి వస్తుంది. నా వల్ల ఎండలో ఆరు గంటలు కూర్చున్న మనిషి, ప్రయాణంలో అలసిపోయావని నన్ను ఓదార్చింది. బదులు ఏమనాలో నాకు తెలియలేదు. తెలిసినా ఆ క్షణంలో నోరు పెగిలేది కాదేమో.

ఈ గంటల లెక్క నాకు తెలియనిది కాదు. తరగతిలో చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ పని ఒత్తిడిలో నోరు తన పాత దారినే పోయింది. భాష తలలో ఉండటం వేరు, నాలుక మీద ఉండటం వేరు. ఆ రెండింటి మధ్య దూరం నడవడానికే ఏడాది కావాలంటున్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ లెక్క నాకు పరాయిది కావలసిన అవసరమే లేదు. మా నాయనమ్మ గడియారం చూసేది కాదు. జాము పొద్దెక్కింది, బారెడు పొద్దెక్కింది, పొద్దు వాలింది అనేది. పొద్దు పొడుపు నుంచి లెక్క మొదలవడం మన పల్లెలకు కొత్త కాదు. ఆ తర్వాత ఒక ఆదివారం అక్కడి గుడిలో మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయం చదువుతుంటే విన్నాను. ద్రాక్షతోట యజమాని కూలీల కోసం సంతవీధికి వెళ్లిన కథ. మన తెలుగు బైబిలులో "తొమ్మిది గంటలకు" అని మార్చి రాశారు. స్వాహిలిలో "సా తతు" అనే ఉంది. మూలంలోని మూడవ గంట అది, ఎవరూ మార్చనక్కరలేదు. నేను బోధించడానికి వచ్చానని అనుకున్న మనుషులు, గంటల విషయంలో ఆ కథకు నాకంటే దగ్గరగా నివసిస్తున్నారు. అది నాకు ఎవరూ వివరించలేదు. భాష కాస్త వంటబట్టాక వినపడింది.

దుకాణం ఎప్పుడు తెరుస్తారు

తెల్లవాళ్లకు అక్కడ ఒక పాత్ర సిద్ధంగా ఉంటుంది, వాళ్లను మ్జుంగు అంటారు. మన వాళ్లను మ్హిందీ అంటారు. ఆ పేరుతో కూడా ఒక పాత్ర సిద్ధంగా ఉంది. మేము చేరిన వారానికే ఊరివాళ్లు మావారిని మర్యాదగా అడిగారు, "దుకా ఎప్పుడు తెరుస్తారు?" అని. దుకా మన దుకాణమే. గారి అంటే బండి, మన గాడీ. పేసా అంటే డబ్బు, మన పైసా. నూరేళ్లకు పైగా సముద్రం దాటి వెళ్లిన గుజరాతీ, కచ్ఛీ వ్యాపారులతో ఆ భాషలోకి చేరిన మాటలివి. చాలావరకు అంగడి మాటలే. మా నలుపూ వాళ్ల నలుపూ ఒకటేననీ, మాదీ మెట్ట ప్రాంతమేననీ, మేమూ జొన్న సంగటి తిన్నవాళ్లమేననీ, తెల్లవాళ్లకంటే తేలిగ్గా కలిసిపోతామనీ నేను విమానం ఎక్కేముందు అనుకున్న మాట నిజం. కానీ వాళ్ల కళ్లకు మేము త్రాసు వెనక నిలబడే మనుషులం. ఆ త్రాసు పక్కకు జరగడానికి రెండేళ్లు పట్టింది. జరిపింది మా సేవ కాదు. వాళ్ల మాటలో మేము చేసిన తప్పులు.

తెలుగువాడికి స్వాహిలి అందని భాషేమీ కాదు. మన మాటల్లాగే వాళ్ల మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి. చేయు, చేయించు అని మనం అన్నట్టే వాళ్లు సోమా, సోమేషా అంటారు, అంటే చదువు, చదివించు. ఒక వాక్యమంతా ఒకే మాటలో ఇమిడిపోవడం కూడా మనకు అలవాటే. తిరకాసు ఎక్కడంటే, మనకు మాట చివర మారుతుంది, వాళ్లకు మొదట మారుతుంది. మ్తోతో అంటే బిడ్డ, వతోతో అంటే బిడ్డలు. అరబ్బీ నుంచి వచ్చిన కితాబును కూడా వదల్లేదు. ఒకటైతే కితాబు, పదైతే వితాబు! ఏ నామవాచకం ఏ వర్గానికి చెందుతుందో తెలిస్తే తప్ప దాని పక్కన విశేషణం పెట్టలేం, క్రియ పెట్టలేం. మ్బుయు, న్డిజి లాంటి మాటలను మ్, న్ లతో మొదలుపెట్టడం మొదట్లో మన నోటికి రాదు.

ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది నాకు ఒక బీబీ దగ్గర దొరికింది. బీబీ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. పక్కింటి ముసలమ్మ, భర్త పోయి ఎన్నో ఏళ్లయింది. సా తతు సంగతి జరిగాక నేను డిస్పెన్సరీలో సగం పూటే పనిచేస్తానని చెప్పి, మిగతా సగం ఆమె వాకిట్లో గడిపాను. గడపలో నిలబడి "హోడి" అనాలి, ఆమె లోపల్నుంచి "కరీబు" అనాలి, నేను "షికమో" అనాలి. షికమో అంటే నీ పాదాలు పట్టుకుంటున్నాను అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. ఆమె "మరహబా" అంటే తప్ప అడుగు లోపల పెట్టకూడదు. రోజూ ఇదే. ఇంట్లో దండాలు పెట్టే అలవాటున్నదాన్ని, నాకు ఇది కష్టం కాలేదు. కానీ డిగ్రీ ఉన్న నర్సు ప్రతిరోజూ మొదట తన పాదాలకు మాటతో దండం పెట్టి ఆ తర్వాత తన పక్కన కూర్చోవడం ఆమెకు ఏమనిపించిందో చాలాకాలం తర్వాత తెలిసింది. అంతవరకు వచ్చిన పరాయివాళ్లందరూ ఆమెకు ఏదో ఒకటి ఇచ్చినవాళ్లేనట. ఆమెను ఏదైనా ఇమ్మని అడిగినదాన్ని నేనేనట.

మ్లెందా అని అక్కడ ఒక ఆకుకూర వండుతారు. ఎండబెట్టి దంచిన ఆకు, బచ్చలిలాగా జిగురుగా ఉంటుంది. జొన్న పిండితోనో సజ్జ పిండితోనో గట్టిగా గిలికిన ఉగాలిని అందులో అద్దుకు తింటారు. బీబీ ఎండిన ఆకును రెండు అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, పొడిని చాటలోకి జార్చేది. చేతులు ఆగేవి కావు. నేను ఒక వాక్యం తప్పుగా అంటే తప్పని చెప్పేది కాదు. అదే వాక్యాన్ని సరిగ్గా, తన మాటగా తిరిగి అనేది, నా ప్రశ్న తనే అడిగినట్టు. నేను మళ్లీ తప్పు అంటే మళ్లీ సరిగ్గా అనేది. ఒక వాక్యం నాలుగుసార్లు అటూ ఇటూ నడిచిన రోజులున్నాయి. నాకు చదువు చెప్పిన వాళ్లలో అంత మర్యాదగా తప్పు దిద్దినవాళ్లు ఇంకెవరూ లేరు.

జబ్బు ఆగుతుందా

ఇక పెద్దాయన ఫోనులో వేసిన ప్రశ్నలకు వస్తాను. అన్నిటికంటే బరువైనది ఇది: "జనం జబ్బుపడి ఉంటే నర్సు వాకిట్లో కూర్చుని ఆకు నలుపుతుందా? నీళ్లు లేని ఊళ్లో బోరు వేయగలిగినవాడు ఏడాది ఆగుతాడా?"

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డను తెస్తే నేను వ్యాకరణ పుస్తకం మూయకుండా ఎలా ఉంటాను? ఉండను. నేను వద్దన్నది చేయి వేయడం కాదు, పెత్తనం. మొదటి ఏడాది అక్కడి నర్సు చెప్పినట్టు కట్టు కట్టండి, నీళ్లు కాచండి, బరువు తూచండి. నిర్ణయం మీది కాకుండా చూసుకోండి. అతను కూడా అంతే, బోరు ఎక్కడ వేయాలో ఊరివాళ్లు ఏమని వాదించుకుంటున్నారో అర్థమయ్యేదాకా యంత్రం తెప్పించకూడదు. నీళ్లు ఎవరి పొలం పక్కన పడితే ఎవరికి అధికారం వస్తుందో మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ వాదన అంతా ఇంగ్లీషులో జరగదు.

అనువాదకుణ్ని పెట్టుకోవచ్చు కదా అన్నారు. పెట్టుకున్నాను. మంచి కుర్రవాడు. అతని ద్వారా నేను అడిగిన ప్రశ్నలకు జవాబులు వచ్చాయి, అడగని వాటికి రాలేదు. పడుచు పిల్లలు తమ ఒంటి సంగతులు అతని ముందు చెప్పలేదు. ఫోనులోనే అనువాదం వస్తోందిగా అని ఆ కుర్రాడు, అదే, వెళ్లబోతున్న అబ్బాయి అడిగాడు. వాడుకోమన్నాను. బియ్యం కొనడానికి పనికొస్తుంది.

ఖర్చు సంగతీ వచ్చింది. కూలి చేసుకునేవాళ్లు కానుకపెట్టెలో వేసిన డబ్బుతో ఒక కుటుంబాన్ని ఏడాది పాటు ఊరికే కూర్చోబెడతామా అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే మా అమ్మ కూడా అలా వేసినదే. కానీ భాష రాకుండా మొదలైన పనులకు అయిన ఖర్చు ఎవరూ లెక్క కట్టరు. తాళం పడిన గదులు, తుప్పు పట్టిన పంపులు నేను చూశాను. వాటి మీద దాతల పేర్లు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

పేరయ్య మాట

నన్ను నిజంగా తడబాటులో పడేసేది వేరే ప్రశ్న. అది పెద్దాయన అడగలేదు, నన్ను నేనే అడుగుతుంటాను. బయటివాడు భాష నేర్చుకోవడం అంత ముఖ్యమా?

మా ఒంగోలు చరిత్రే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్నది మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. క్లౌకు తెలుగు వచ్చు. కానీ పల్లె పల్లెకూ ఆ మాట మోసినవాళ్లు యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ, తన మాదిగ బంధువుల వాకిళ్లలో కూర్చుని వాళ్ల మాటలో చెప్పిన మనిషి. క్లౌ ఎంత తెలుగు నేర్చినా పేరయ్య తెలుగు అతనికి వచ్చేది కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లినప్పుడు ఈ చిక్కే లేదు, అక్కడి చెరకు తోటల్లో తెలుగు కూలీల దగ్గరికే వెళ్లాడు.

మరి డొడోమాలోనూ పేరయ్యలు ఉన్నారు. మావారి దగ్గర కూర్చుని పాఠాలు రాసుకున్న బోధకులే వాళ్లు. మేము లేకపోయినా వాళ్లు చెబుతారు, మాకంటే బాగా చెబుతారు. నేను చాలాకాలం తర్జనభర్జన పడి ఒక చోటికి వచ్చాను: అక్కడి పేరయ్య ఏం చెబుతున్నాడో వినడానికి, ఎక్కడ మనం అడ్డు తప్పుకోవాలో తెలుసుకోవడానికి భాష కావాలి. అది తెలియని మిషనరీ పేరయ్య చేతికి తన ప్రసంగం ఇచ్చి చదవమంటాడు. మావారు మొదటి ఏడాది చేసింది అదే. రెండో ఏడాది ఆపారు. ఆపి వాళ్ల ప్రసంగాలు వినడం మొదలుపెట్టాక ఇంటికి వచ్చి, ఇన్నాళ్లూ ఎవరికి పాఠాలు చెప్పానో ఇప్పుడు తెలిసింది అన్నారు.

భాష నేర్వడంలో కూడా ఒక పెత్తనం ఉందన్న విమర్శ ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. కెన్యా తీరంలోని మొంబాసాలో 1844లో దిగిన జర్మన్ మిషనరీ క్రాఫ్ కొన్ని నెలలకే భార్యనూ పసిబిడ్డనూ అక్కడి మట్టిలో పెట్టి, ఆ దుఃఖంలోనే స్వాహిలి మాటలు ఏరుకున్నాడు. అతని వ్యాకరణం 1850లో, నిఘంటువు అతను పోయిన మరుసటి ఏడాది 1882లో అచ్చయ్యాయి. ఆ ఓర్పు ముందు తలవంచుతాను. అయితే అలాంటి పుస్తకాలే తర్వాత పాలకుల బల్లల మీదికి కూడా చేరాయి. ఏ యాస ప్రామాణికమో బయటివాళ్లు కూర్చుని తేల్చారు. చివరికి జాంజిబార్ యాస నిలిచింది, మొంబాసా యాస పక్కకు పోయింది. నేర్చుకున్నవాడు మెల్లగా దిద్దేవాడవుతాడు. నాకూ ఆ జబ్బు తగిలింది. మేము అక్కడ ఉన్న ఐదో ఏట, నా దగ్గర పనిచేసే పిల్ల స్వాహిలిలో నామవాచక వర్గం తప్పితే నేను సరిదిద్దాను. ఆ పిల్ల తల వంచుకుంది. బీబీ నన్ను ఎలా దిద్దేదో అప్పుడు గుర్తుకొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పిల్ల తప్పుకు కారణం కూడా ఉంది. స్వాహిలి ఆమె సొంత భాష కాదు. ఇంట్లో మాట్లాడేది కిగోగో. టాంజానియాలో నూరుకు పైగా భాషలున్నాయి. దేశాన్ని కలిపింది స్వాహిలి, ఆ సంగతి వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, గర్వపడదగ్గదే. కానీ ఒక రాత్రి పురుడు పోయడానికి వెళ్లాను. నొప్పులు ముదిరేదాకా ఆ అమ్మాయి నాతో చక్కటి స్వాహిలి మాట్లాడింది. ముదిరాక ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు. కిగోగోలో తల్లిని పిలిచింది, ఇంకేదో వేడుకుంది, నన్నేదో అడిగింది. నేను చేయి పట్టుకుని "పోలే, పోలే" అన్నాను. పక్కనున్న మంత్రసాని కిగోగోలో రెండు ముక్కలు అనగానే ఆ అమ్మాయి ఊపిరి తీరు మారింది. అది కళ్లారా చూశాను. నాలుగేళ్లు పడి నేర్చిన భాష ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

కిగోగో తర్వాత కొంత నేర్చుకున్నాను. "మ్బుక్వెన్యి" అని ఊరి మొత్తాన్ని పలకరించడం, గాయం ఎక్కడో అడగడం, నవ్వు తెప్పించే ఒకటి రెండు సామెతలు. అంతకు మించి రాలేదు, వయసూ మీద పడింది. అందుకే ఆ జంటకు ఏడాది అన్నది కూడా నేను తగ్గించి చెప్పిన మాటే.

తెలుగులో మనకు మేము ఉంది, మనం ఉంది. పరలోకమందున్న మా తండ్రీ అంటాం, మన తండ్రీ అనం, ఎందుకంటే ఎవరితో మాట్లాడుతున్నామో ఆయన ఆ లెక్కలో లేడు. స్వాహిలిలో రెంటికీ ఒకటే మాట. బాబా యేతు (మా తండ్రి, లేదా మన తండ్రి) అన్నా, కనిసా లేతు (మా సంఘం, లేదా మన సంఘం) అన్నా, ఆ "మా"లో నేను ఉన్నానో లేనో మాట చెప్పదు. తొమ్మిదేళ్లూ సంఘం కూడికల్లో ఆ మాట వినపడిన ప్రతిసారీ నా తెలుగు చెవి ఆగి చూసేది, లోపలా, బయటా అని.

తిరిగి వచ్చేసే రోజు పొద్దున బీబీ వాకిట్లోకి వెళ్లి హోడి అన్నాను. ఎండబెట్టిన మ్లెందా మూట కట్టి ఉంచింది. మట్టి కప్పుతో బల్లపరుపుగా ఉండే ఆ ఇంటి గుమ్మం మీద అరచేయి ఆనించి, "హీ ని న్యుంబా యేతు, ఉసిసహౌ" అంది. ఇది యేతు ఇల్లు, మరిచిపోకు అని. మా ఇల్లు అందో, మన ఇల్లు అందో నాకు తెలియదు. అడిగి తెలుసుకోవడానికి సరిపడా స్వాహిలి అప్పటికి నాకు వచ్చు, అయినా అడగాలనిపించలేదు, మూట చంకన పెట్టుకుని ఆమె మరహబా అనేదాకా వంగి నిలబడ్డాను.